ఒరకు వేసిన కుట్టు

ఢిల్లీ అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌కు ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వెళితే బల్ల మన సొంతం కాదు. ఎక్కడ కుర్చీ ఖాళీ అయితే అక్కడ కూర్చోవాలి. ఎదురుగా ఎవరున్నా వాళ్లతో నెయ్యి గిన్నె, కందిపొడి గిన్నె పంచుకోవాలి. ఆ రోజు నేనూ, మునిర్కాలో నాతో గది పంచుకునే స్నేహితుడూ ఒక బల్ల చివర దొరికిన రెండు కుర్చీల్లో సర్దుకున్నాం. ఎదుటి కుర్చీలో ఒకావిడ ఒంటరిగా తింటున్నారు. యాభై దాటి ఉంటాయి. నూలు చీర, చేతికి పెద్ద డయల్ ఉన్న మగవాళ్ల వాచీ.

నా స్నేహితుడు సివిల్స్‌కు చదువుతున్నాడు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు డిజైన్‌లో పీజీ చేస్తున్నాను. చివరి ప్రాజెక్టుకు నేను తీసుకున్న అంశం సైనికుల సర్వైవల్ కత్తులు. దారీతెన్నూ లేని చోట చిక్కుకుపోయినవాడు ప్రాణం నిలుపుకోవడానికి ఒంటి మీద ఉంచుకునే కత్తి అన్నమాట. దాని రూపం యుద్ధం నుంచి యుద్ధానికి ఎలా మారింది, ఎందుకు మారింది అన్నది నేను రాయాలి. గదిలో ఆ మాటెత్తితే మావాడు ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంటాడు. భోజనం దగ్గర ఆ వీలు లేదు.

“అరె, మీ నాయినకు ఎరికేనా, నువ్వు ఢిల్లీకొచ్చి కత్తులు నూరుతున్నవని?” అన్నాడు.

“నూరడం లేదు. చరిత్ర రాస్తున్నాను.”

“గదే మరి. నేను రాజుల చరిత్ర, నువ్వు రాజుల కత్తుల చరిత్ర. ఇద్దరికీ నౌకరి రాదు.”

నేను వదల్లేదు. స్టీలు చెంచాను కత్తిగా పట్టుకుని మొదలుపెట్టాను. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో వాడిన కత్తికి పిడి చుట్టూ ఇనుప కడియాలుండేవి. గుద్దడానికి, పొడవడానికి తప్ప అది దేనికీ పనికొచ్చేది కాదు. రెండో యుద్ధం వచ్చేసరికి సైనికులు కత్తితో డబ్బాలు తెరిచారు, కట్టెలు చీల్చారు, గుంతలు తవ్వారు. దాంతో ఆయుధం మెల్లగా పనిముట్టయింది. తోలు బిళ్లలు పేర్చిన పిడి వచ్చింది. అడవుల్లో తేమకు ఆ తోలు బూజు పట్టింది. ఆ తరవాత పైలట్ల కోసం వేరే కత్తి చేశారు. కాక్‌పిట్‌లో తొడకు అడ్డుపడకుండా దాన్ని పొట్టిగా చేశారు. కూలిన విమానం రేకును కోసుకుని బయటికి రావడానికి కత్తి వీపున రంపం పళ్లు పెట్టారు. అద్దం పగలగొట్టడానికి పిడి చివర బరువైన ఇనుప దిమ్మ పెట్టారు. ఇంకొన్నాళ్లకు ఎవరికో పిడిని బోలుగా చేసి అందులో అగ్గిపుల్లలూ గాలాలూ దాచాలన్న ఆలోచన వచ్చింది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. గట్టిగా వాడితే పిడీ కత్తీ కలిసే చోట పుటుక్కున విరుగుతుంది.

“సాంబార్ చల్లారుతుంది, ప్రొఫెసర్ సాబ్,” అన్నాడు మావాడు.

“అసలు సంగతి ఇంకా చెప్పలేదు. అందరూ కత్తినే ఫోటో తీస్తారు. ఒరను ఎవరూ పట్టించుకోరు. కత్తి ఎంత మంచిదైనా, ఒర ఒకచేత్తో తెరుచుకోకపోతే పైలట్‌కు అది ఉన్నా లేనట్టే. రెండో చెయ్యి విరిగి ఉండొచ్చు, ఎక్కడో ఇరుక్కుని ఉండొచ్చు. ఒర తెరుచుకోలేదా, ఇక అంతే.”

ఎదుటి ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“అంతేనా బాబూ?” అన్నారు.

మాటల్లో విజయనగరం వైపు యాస. తెలుగువాళ్లు వింటున్నారని నాకు అప్పటిదాకా తట్టలేదు. అక్కడ వినేవాళ్లంతా తెలుగువాళ్లేనన్న సంగతి కూడా.

“మా ఇంట్లో అలాంటిది ఒకటుంది. అది ఒకచేత్తో తెరుచుకుంటాదో లేదో చూసి చెప్పగలరా?”

“ఎవరిదండీ?”

“మా వారిది. హెలికాప్టర్ నడిపేవారు.”

“వాడినవారు కదా, వారికే బాగా తెలుస్తుందండీ,” అన్నాను.

“ఆయన అందులోనే పోయారు,” అన్నారు. “అప్పుడది కాలికే ఉంది.”

నేను చెంచా కింద పెట్టాను. ఆవిడ నా ఫోన్ అడిగి తీసుకుని, ఎడంచేత్తో తన నంబరు తనే కొట్టి ఇచ్చారు. ఇల్లు ఘాజియాబాద్ వైపు, వైశాలి మెట్రో దగ్గర. వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటామన్నారు. పెరుగు వేసుకోకుండానే లేచి వెళ్లిపోయారు.

ఆ వారమంతా నాకు ఏ పనీ సాగలేదు. నేను చూడగలిగేది ఈనాటి ఒరను. ఆవిడ అడుగుతున్నది ఆనాటి ఒర గురించి. తోలు ఇన్నేళ్లకు బిగుసుకుపోయి ఉంటుంది, ఇత్తడి చిలుము పట్టి ఉంటుంది. తెరుచుకోకపోతే ఆ నేరం కాలానిదని ఎలా చెప్పను? తెరుచుకుంటే ఆ రోజూ తెరుచుకునేదని ఎలా చెప్పను? ఏ జవాబు చెప్పినా అందులో ఒక మూల అబద్ధం ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ బాధించింది నా నోటి దురుసు. చెంచా పట్టుకుని ‘ఇక అంతే’ అన్నాను. ఆ మాట ఆవిడతో పాటు ఇంటికి వెళ్లింది.

“తెరుచుకుంటదని చెప్పు, చాయ్ తాగి రా,” అన్నాడు మావాడు. “ఏం పోతది?”

“నిజం కాకపోతే?”

“సివిల్స్‌ల ఎథిక్స్ పేపర్ నాది. నీది కాదు.”

అలా అన్నవాడే ఆదివారం పొద్దున తన బైక్ గ్లవ్స్ తెచ్చి నా సంచిలో పెట్టాడు. పైలట్లు గ్లవ్స్ వేసుకుంటారు కదా, వట్టి చేత్తో చూస్తే లెక్కకు రాదు అన్నాడు. వారమంతా నా గోడు వింటూనే ఉన్నాడని అప్పుడు తెలిసింది.

మెట్రో గేటు దగ్గర సంచి మిషన్‌లోంచి వెళ్లగానే జవాను నన్ను పక్కకు పిలిచాడు. మందం కొలిచే వెర్నియర్ కాలిపర్స్ బయటికి తీశాడు. దాని దవడల మొనలు వేలితో తాకి చూశాడు.

“యే క్యా హై భయ్యా?”

“నాప్‌నే కా హై.”

“క్యా నాపోగే?”

కత్తి ఒర అని చెప్పలేక, “చమడా,” అన్నాను. తోలు కొలుస్తానంటే నన్ను చెప్పుల వ్యాపారి అనుకున్నట్టుంది, వదిలేశాడు. రెండు చోట్ల రైలు మారి వైశాలిలో దిగేదాకా సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. అందులో ఉన్నవి భూతద్దం, కాలిపర్స్, చిన్న టార్చి, గ్లవ్స్. ఇవి సరిపోవని నాకు తెలుసు.

తలుపు తీసింది కూతురు. కాలేజీ అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. “మమ్మీ, భయ్యా ఆ గయే,” అని లోపలికి కేకేసి, నన్ను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. తండ్రి పోయేనాటికి ఆ పిల్లకు మాటలు కూడా సరిగా రాలేదట. ఆవిడ కాఫీ ఇచ్చి, దేవుడి అలమర తెరిచి, ఎర్రగుడ్డలో చుట్టినదాన్ని తెచ్చారు. నేను చెయ్యి చాపాను. ఆవిడ నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టారు. మా ఇంట్లోనూ అంతే. ఉప్పు, కత్తి ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకోకూడదు, తీసుకుంటే తగువులొస్తాయంటారు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, తరవాత బల్ల మీది నుంచి అందుకున్నాను.

ముదురు గోధుమరంగు తోలు ఒర. పైన పిడిని బిగించి పట్టే అడ్డపట్టీ, దానికి టిచ్ బటన్. కింద ఒరను తొడకు కట్టుకునే ఆకుపచ్చ ప్యారాచూట్ తాడు. ఒర నిండా పొరలు పొరలుగా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. భూతద్దం పెట్టి చూస్తే కుట్టు రంధ్రాల్లో ఎర్రగా ఏదో గడ్డకట్టి కనిపించింది. రక్తమేమో అనుకున్నాను. కుంకుమే అది.

“ఏటేటా దసరాకి ఆయుధ పూజలో పెడతాను,” అన్నారు ఆవిడ. “ఇది సర్కారు ఇచ్చింది కాదు, ఆయన సరదాపడి కొనుక్కున్నది. అందుకే ఆయన సామానుతో నాకు పంపేశారు. వచ్చింది వచ్చినట్టే ఉంచాను. ఆ బటన్ నేనెప్పుడూ తెరవలేదు.”

“ఎందుకండీ?”

ఆవిడ కూతురి వైపు చూశారు. ఆ అమ్మాయి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది.

“పాత బటన్ వదులైపోయిందని ఆఖరి సెలవులో చెప్పారు. కూర్చుని లేస్తే ఊడిపోతోందట. నేనే ఒక పాత రెయిన్‌కోట్ బటన్ ఊడదీసి, దబ్బనంతో కుట్టాను. మళ్లీ ఊడకూడదని పట్టీ బాగా లాగి కుట్టాను, రెండు వరసలు, మైనం రాసిన దారంతో. చూసి నవ్వారు. ‘బాగా కుట్టావోయ్, ఇక దీన్ని తియ్యాలంటే ఇంకో కత్తి కావాలి’ అన్నారు. మర్నాడు డ్యూటీకి వెళ్లిపోయారు. నాలుగు నెలలు ఫోన్లలోనే మాట్లాడుకున్నాం. మళ్లీ రాలేదు.”

ఆవిడ బల్ల మీది ఎర్రగుడ్డను మడతపెట్టారు.

“కొండకి తగిలిన వెంటనే అంతా అయిపోయిందని చెప్పారు బాబూ. నమ్మాను. ఎవరూ నాకు అబద్ధం చెప్పలేదు. కానీ ఎప్పుడైనా ఒక్కోసారి, ఒకవేళ కాసేపు ఉన్నారేమో, చెయ్యి దీని మీదకి వెళ్లిందేమో, నా కుట్టు రానివ్వలేదేమో అనిపిస్తాది. నువ్వు ఆ రోజు అన్నావు కదా.”

‘అది ఊరికే అన్నమాటండీ’ అనబోయి ఆగాను. అది ఊరికే అన్నది కాదు, నా ప్రాజెక్టులో రాసుకున్న వాక్యమే.

ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాను. ఒకసారి తెరిస్తే మళ్లీ మొదటిసారి ఉండదు. కింది తాడుతో ఒరను నా కుడితొడకు కట్టుకుని, పైలట్ కూర్చున్నట్టు కుర్చీలో వెనక్కి ఆని కూర్చున్నాను. గ్లవ్ తొడుక్కున్నాను. ఇలాంటి ఒరల్లో పట్టీ చివర కొంచెం పైకి లేచి ఉంటుంది. దాని కింద బొటనవేలు దూర్చి విదిలిస్తే బటన్ ఊడుతుంది. ఇక్కడ ఆ సందు లేదు. ఆవిడ అంత గట్టిగా లాగి కుట్టారు. గ్లవ్‌లోని బొటనవేలు తోలు మీద జారింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ జారింది. తోలు బిగిసిందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ సందు లేకపోవడం తోలు బిగియడం వల్ల కాదు. అది కుట్టు వల్లే.

తల ఎత్తకుండా గ్లవ్ తీసేశాను.

“అనుకున్నాను,” అన్నారు ఆవిడ. కాఫీ కప్పులు తీసి సింకులో పెట్టడానికి లేచారు.

“మమ్మీ, బైఠో నా,” అంది కూతురు. కుర్చీ ముందుకు జరిపింది. తరవాత నా మీదకు వంగి ఒరను చూసి, “భయ్యా, యే ధాగా బీచ్ మే ఆ రహా హై. ఇసీ లియే నహీ ఖుల్ రహా,” అంది. పట్టీ చివర పసుపు పేరుకుని తోలుకు అతుక్కుపోయిన ఒక దారం ముక్కను చూపిస్తూ, అదే అడ్డుపడుతోందంటోంది.

“అది సామానుకి కట్టిన చీటీ దారంలే,” అన్నారు ఆవిడ సింకు దగ్గర నుంచే. “పేరు రాసిన చీటీ ఒకటి దానికి వేలాడేది. చీటీ తీసేశాను, దారం ఉండిపోయింది. అడ్డమైతే కత్తిరించెయ్.”

ఆ పిల్ల అప్పటికే వంటింటి కత్తెర తెచ్చింది. తన తల్లిని ఎలాగైనా ఈ బల్ల దగ్గర నుంచి గట్టెక్కించాలని ఆరాటం. కత్తెర తెరిచి నా తొడ మీదకు వంగింది.

నేను భూతద్దం తీసి కంటికి ఆనించుకున్నాను. కత్తెర మొన పక్కన ఆ దారం పెద్దదిగా కనిపించింది. దారం కాదది, అల్లిక. పసుపు కింద ఆకుపచ్చ.

“ఆగు, ఆగు,” అన్నాను. ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను కూడా.

ఒర విప్పి బల్ల మీద పెట్టాను. ఆ పసుపు తడిపి తుడవొచ్చా అని ఆవిడను అడిగాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నన్ను తుడవనివ్వలేదు. కొంగు చివర నీళ్లలో తడిపి తనే మెల్లగా రుద్దారు. ఏళ్ల పసుపు కరిగి కొంగుకు అంటింది. అడుగు నుంచి తాడు ఉచ్చు ఒకటి పైకి లేచింది. వేలు పట్టేంత ఉచ్చు.

తొందరపడకూడదని, ఒక్కొక్కటీ చూసుకున్నాకే మాట్లాడాలని అనుకున్నాను. టార్చి వేశాను. కాలిపర్స్‌తో రెండు తాళ్ల మందం కొలిచాను. మళ్లీ కొలిచాను.

“ఆంటీ, ఇది చీటీ దారం కాదు. చీటీని దీనికి కట్టి ఉంటారు, ఇది ముందే ఉంది కాబట్టి. కింద తొడకు కట్టుకునే తాడు, ఇదీ ఒకటే. చివరలు చూడండి. కోసిన తరవాత అగ్గిపుల్లతో కాల్చి, వేడి మీదే వేలితో నొక్కారు. కింది తాడు చివరా అలాగే నొక్కి ఉంది.”

“ఆఫీసులో ఎవరైనా…”

“ఇక్కడ చూడండి. ఉచ్చు ఆనిన చోట తోలు నల్లబడి గుంట పడింది. రోజూ లాగితేనే అలా పడుతుంది. ఒకరోజు కట్టిన దారానికి పడదు. నా ప్రాజెక్టులో దీనికి ఒక అధ్యాయమే ఉంది. ఏ సైనికుడూ కత్తిని ఇచ్చినది ఇచ్చినట్టు ఉంచుకోడు. పిడికి టేపు చుడతారు, ఒరకు తాడు కడతారు. చేసినవాడికి తెలియకుండా వాడేవాడు సరిచేసుకుంటాడు. అంకుల్ అదే చేశారు.”

ఆవిడ భూతద్దం అడిగారు. బల్ల మీద పెట్టాను, తీసుకున్నారు. చాలాసేపు చూశారు.

“రంధ్రం నా కుట్టులోంచే పొడిచారు.”

“అవును. కానీ మీ దారం తెగలేదు. దాన్ని పక్కకు జరిపి, సందులోంచి తాడు తెచ్చారు. తెంపడం చాలా తేలిక. తెంపకుండా చేయాలంటే ఓపిక కావాలి.”

ఆవిడ ఒరను దగ్గరకు లాక్కున్నారు. ఉచ్చులో చిటికెనవేలు పెట్టారు. గట్టిగా ఏమీ లాగలేదు. టిచ్ బటన్ టప్పుమని ఊడింది.

ఆవిడ బటన్ మళ్లీ నొక్కారు. మళ్లీ లాగారు. ఈసారి ఎడమచేతి చిటికెనవేలు. టప్పుమంది.

“ఉడికించడానికే అన్నారన్నమాట, ఇంకో కత్తి కావాలని,” అన్నారు. తరవాత గొంతు హెచ్చింది. “ఫోన్ చేసేవారు కదా. అన్నీ చెప్పేవారు, మెస్‌లో కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పేవారు. తాడు కట్టానే అని ఒక్క ముక్క చెప్పొచ్చుగా.”

కూతురు వెనక నుంచి వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. ఈసారి తెలుగులోనే, పలుకులు కూడబలుక్కుంటూ, “చెప్తే నువ్వు మళ్లీ కుడతావని చెప్పలేదేమో మమ్మీ,” అంది.

ఆవిడ నవ్వారు. నవ్వుతూనే కొంగుతో ముఖం తుడుచుకుంటే పసుపు చెంపకు అంటింది.

బటన్ తెరిచే ఉంది. ప్రాజెక్టు కోసం నాకు కావలసింది ఒర లోపలే ఉంది. రంపం పళ్ల వరస, పిడి చివర దిమ్మ, కత్తి పిడిలోకి దిగే చోటు. ఆ కాలపు కత్తిని నేను ఫోటోల్లో తప్ప చూసింది లేదు. అడగడానికి నోరు రాలేదు. ఆవిడ కూడా తీసి చూపించలేదు.

నాకు తెలియనిది ఇంకా ఉంది. ఆ తాడు వల్ల ఆయన కత్తిని తీయగలిగేవారని మాత్రమే తెలిసింది. ఆ రోజు చెయ్యి అక్కడిదాకా వెళ్లిందో లేదో ఏ ఒరా చెప్పదు. ఆవిడ అదీ అడుగుతారేమోనని సంచి సర్దుకుంటున్నంతసేపూ భయపడ్డాను. ఆవిడ అడిగింది నేను అన్నం తిని వెళతానా అనే. మెట్రో రద్దీ అవుతుందని ఏదో చెప్పాను.

లిఫ్టు ఎక్కడో పై అంతస్తులో ఆగిపోయింది. నేను గుమ్మం బయట నిలబడి ఎదురుచూశాను. తలుపు వెనక నుంచి టప్పుమని వినిపించింది. కాసేపటికి బటన్ నొక్కిన చప్పుడు. మళ్లీ టప్పుమంది. లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకునేదాకా అది ఆగలేదు.